బ్రస్సెల్స్‌లో బిందెల వరస

యూరప్‌లో ఒక రాజధాని నగరం నడిబొడ్డున, పట్టపగలు, వీధి వీధంతా ఖాళీ చేయించి, పోలీసు బండ్లు రప్పించి, ఒక రోబోను కూడా రోడ్డెక్కించిన ఘనత మా ఆదోనికి దక్కింది. ఆ ఘనత తెచ్చిపెట్టినవాణ్ణి నేనే. ఈ సంగతి నాకు తెలుసు, నా భార్య గౌరికి తెలుసు, బ్రస్సెల్స్ పోలీసులకు తెలుసు. మా మామకు మాత్రం తెలియకూడదు. ఆయనకు మగ్గం గోల తప్ప చదివే అలవాటు లేదు గనుక ధైర్యం చేసి రాస్తున్నాను. మామ ఊరైన ఎమ్మిగనూరు పాఠకులు దయచేసి చదివి, నవ్వుకుని, నోరు మూసుకోవాలని మనవి.

ముందు నా సంగతి చెప్పాలి. యంత్రాల చదువు చదివి జర్మనీలో నీళ్ల పంపులు తయారుచేసే కంపెనీలో పని చేస్తున్నాను. నీళ్లకు మొహం వాచిన ఊరివాడికి దేవుడు పంపుల ఉద్యోగం ఇవ్వడంలో ఏదో ఎగతాళి ఉంది. ఇక నా గుణం ఏమిటంటే, ఏ పనికైనా నాకు ఒక వరస కావాలి. మొదట ఇది, తర్వాత అది, ఆ తర్వాత ఇంకొకటి. మామ వారం రోజులు విచారించి పిలిస్తే పెళ్లిచూపులకు పోయినప్పుడు కూడా అడగాల్సిన ప్రశ్నలన్నీ ఫోన్లో వరసగా రాసుకుని పోయాను. మొదటి ప్రశ్నకే గౌరి నవ్వింది. మిగతావి ఇప్పటికీ ఫోన్లోనే ఉన్నాయి.

పెళ్లయి, గౌరి నా దగ్గరికి వచ్చాక మొదటిసారి ఊరు చూడ్డానికి బయలుదేరాం. జర్మనీలో మేముండే ఊరికి బ్రస్సెల్స్ దగ్గర. శనివారం పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో తిరిగి రావచ్చు. చూడాల్సినవన్నీ నేను ఆ వారమంతా కూర్చుని పేర్చాను. పెద్ద చౌరస్తా, దాని చుట్టూ బంగారు పూత పూసిన పాత మేడలు, చర్చి, లేసు అల్లే దుకాణాలు, చాక్లెట్ల వీధి, ఆ ఊరికి పేరు తెచ్చిన చిన్న పిల్లవాడి విగ్రహం. గౌరి అంతా విని అంది.

"నాకు ఇవన్నీ వద్దప్పా. ఆ నేత తెరలు ఒక్కటి సూపించు సాలు. నాయిన సూడాలంటాడు."

నాయిన అంటే మా మామ ఈరన్న. ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాడు. ఆయన వీధిలో నేత శబ్దం ఆగితేనే జనం ఉలిక్కిపడి లేస్తారు. బ్రస్సెల్స్‌లో పాతకాలపు బొమ్మల తెరలు ఉన్నాయని, గోడంత పొడవున గుర్రాలు, వేటకుక్కలు, రాజులు, చెట్లూ అన్నీ దారంతోనే నేసినవని గౌరి ఒకసారి ఫోటో పంపింది. మామ నమ్మలేదు. అది రంగు వేసిన గుడ్డే అన్నాడు. కాదు నాయినా, నేతే అని గౌరి అంటే, అయితే దగ్గరికి పోయి ఫోన్లో సూపించు అన్నాడు. దాంతో ఆగలేదు.

"ఎనక పక్క గూడా సూపించు. ముందర పక్క ఎవుడైనా బాగనే నేస్తాడు. ఎనక సూస్తే గదా నేతగాని పనితనం తెలిసేది."

ఆ శనివారం సాయంత్రం మగ్గం దిగి, తోటి నేతగాళ్లను కూడా ఇంటికి పిలుచుకుని, వాళ్ల ముందర ఫోన్లో ఆ తెరలు చూస్తాననీ, తప్పకూడదనీ మామ మాట తీసుకున్నాడు. గౌరి మాట ఇచ్చింది. అల్లుడిగా నాకు అది మొదటి పరీక్ష. నా ఉద్యోగం, జీతం, చదువు చూసి మామ పెద్దగా మురిసిపోలేదని నాకు తెలుసు. ఒకసారి ఆయన నన్ను పంపు ఎలా పని చేస్తుందని అడిగితే నేను చాలాసేపు చెప్పాను. ఆయన అంతా విని, "మంచి పిల్లోడు," అని మాత్రం అన్నాడు. అది మెచ్చుకోలు కాదని గౌరి తర్వాత చెప్పింది.

పొద్దున అంతా నా వరస ప్రకారమే నడిచింది. చౌరస్తా చూశాం. చర్చి చూశాం. చిన్న పిల్లవాడి విగ్రహం దగ్గరికి పోతే, ఆ పిల్లవాడు నిలబడి మూత్రం పోస్తున్నాడు. అంతే. అది చూడ్డానికి దేశదేశాల జనం ఒకరి భుజాల మీదుగా ఒకరు ఫోన్లు ఎత్తి నిలబడ్డారు. గౌరి కాసేపు చూసి, మా వీధిలో ఈ పని చేసే పిల్లలు గుంపులు గుంపులుగా ఉన్నారనీ, వాళ్లను ఎవరూ ఫోటో తీయలేదనీ అంది. నాకు మాత్రం ఆ నీళ్లు అలా ఊరికే పారిపోతుంటే మనసు ఒప్పలేదు. ఆదోని వాణ్ణి, ఏం చేస్తాం. ఆ ధార కింద ఒక బిందె పెట్టి ఉంటే ఈపాటికి నిండేదే అని లోపల లెక్క కూడా కట్టుకున్నాను.

మధ్యాహ్నానికి ఆ నేత తెరలున్న మ్యూజియం చేరాం. అప్పటికే టికెట్ల వరస గోడ వెంట సాగి, మలుపు తిరిగి, పక్క సందు దాకా వచ్చింది. మేము దాని తోకను పట్టుకున్నాం. వరస కదిలే తీరు చూస్తే జొన్న చేను ఎదగడం చూస్తున్నట్టుంది. గౌరి పొద్దుటి నుంచి నడిచి అలిసిపోయింది. ఆ రాళ్ల వీధుల్లో ఆమె కొత్త చెప్పులు కాళ్లను కొరికేశాయి. పక్క సందులోంచి దోరగా కాలుతున్న పిండి వాసన వస్తోంది. అది వాఫుల్ అనే తీపి దోశ లాంటి పదార్థం. గౌరి కూర్చుందామంది.

సరిగ్గా అప్పుడే నా తలలో ఆదోని మేలుకొంది.

ఇక్కడ మీరు కాస్త ఓపిక పట్టాలి. నేను పెరిగిన వీధిలో కొళాయి ఒకటే ఉండేది. దానికి నీళ్లు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. ఆ కొళాయి దగ్గర వరస ఉండేది గానీ, అందులో మనుషులు ఉండేవాళ్లు కాదు. బిందెలు ఉండేవి. ఇత్తడి బిందె పక్కన ప్లాస్టిక్ బిందె, దాని పక్కన సొట్ట పడిన స్టీలు బిందె. బిందె తేవడం మరిచినవాళ్లకు ఒక రాయి. రాయి కూడా దొరకనివాళ్లకు తెగిన చెప్పు. ఆ తెగిన చెప్పు మనిషితో సమానం. దాన్ని దాటి ముందుకు పోయినవాణ్ణి వీధి మొత్తం వాడి పెళ్లిదాకా గుర్తు పెట్టుకునేది.

మా అవ్వ తెల్లారేసరికి బిందె వరసలో పెట్టి ఇంటికొచ్చి రొట్టెలు కాల్చేది. ఎదురింటి ఖతీజమ్మ గడప మీద కూర్చుని టైలరింగ్ బట్టలకు గుండీలు కుడుతూ ఒక కన్ను వరస మీద వేసి ఉంచేది. వరస కదిలితే లేచి, కాలితో మా బిందెను ముందుకు జరిపి, మళ్లీ కూర్చునేది. మా బిందె కొళాయికి దగ్గర పడ్డాక, "ఓ సుబ్బక్కా, నీ బిందెకు నీళ్లొచ్చె, నువ్వు యాడుండావు," అని అక్కణ్ణుంచే కేకేసేది. అవ్వ చేతికి పిండితోనే పరుగెత్తేది. నేను బడికి పోతూ ఆ వరస చూసేవాణ్ణి. ఎండలో ఒక్క మనిషీ లేని వీధి, దాని పొడవునా బిందెలు. అవి నాకు మనుషుల్లాగే కనిపించేవి. నున్నగా తోమించుకుని తలెత్తుకుని నిలబడింది అంగడి శెట్టమ్మది. ఒక పక్కకు వంగి నిలబడింది మాది. ఎవరూ కాపలా లేరు, ఏదీ పోయేది కాదు. ఇప్పుడు తలచుకుంటే నాకు నమ్మకం అనే మాటకు అర్థం ఆ వరసే అనిపిస్తుంది.

ఆ చదువు చదువుకుని వచ్చినవాణ్ణి నేను. గౌరితో అన్నాను.

"పద, కూర్చుందాం. లైన్లో సంచి పెట్టి పోదాం."

"ఈడ అట్ల పెడతారా?"

"లైను యాడైనా లైనే గదా."

"మా ఎమ్మిగనూర్లో లైనంటే మేమే నిలబడుకుంటాము."

"మీకు కాలవ నీళ్లుండాయి. లైను సంగతి మీకేం తెలుసు."

ఆమెకు కాళ్ల నొప్పి లేకపోయి ఉంటే ఇంకా వాదించేదే. ఆ నొప్పే బ్రస్సెల్స్‌కు శని అయింది.

సంచి సంగతి చెప్పాలి. నల్ల సంచి. అందులో స్టీలు టిఫిన్ క్యారియర్. క్యారియర్‌లో పొద్దున గౌరి చేసిన ఉగ్గాని ఒక గిన్నె, జొన్న రొట్టెలు ఒక గిన్నె, శెనక్కాయల పొడి ఒక గిన్నె. మామతో మాట్లాడేటప్పుడు ఫోన్ ఆగిపోకూడదని నేను తెచ్చిన పవర్ బ్యాంకు కూడా అందులోనే. అది మంచిది కాదు, బజారులో దొరికింది. ఊరికే ఒక ఎర్ర లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. దాని తీగ జిప్పులోంచి బయటికి వేలాడుతోంది. ఇంతవరకూ ఏ బుద్ధిమంతుడైనా చేసేదే. కానీ నేను యంత్రాలు చదివినవాణ్ణి గదా, ఇంకో మెట్టు పైకెక్కాను. వరస కోసం పాతిన ఇనుప స్తంభం ఒకటి పక్కనే ఉంది. దొంగలెవరూ ఎత్తుకుపోకుండా సంచి పట్టీని ఆ స్తంభానికి ముడేసి బిగించాను. ఎంత లాగినా ఊడని ముడి. మా వెనక నిలబడిన పెద్దాయనకు సంచి చూపించాను, నన్ను నేను చూపించుకున్నాను, మళ్లీ నేల చూపించాను. మా ఊరిలో అయితే దీనికి, నా జాగా చూసుకో అన్నా, ఇప్పుడే వస్తా అని అర్థం. ఆయన నా వైపు చూసి మర్యాదగా నవ్వాడు. ఆ నవ్వులో భయం ఉందని నేను ఆ రోజు సాయంత్రం వరకూ గ్రహించలేదు.

వాఫుల్ కొట్టు సందు లోపల ఉంది. అక్కడినుంచి వరస కనిపించదు. హాయిగా కూర్చున్నాం. గౌరి చెప్పులు విప్పి కాళ్లు చాపుకుంది. తింటూ ఉండగా దూరంగా సైరను వినిపించింది, తర్వాత దగ్గరగా, తర్వాత మా నెత్తి మీద. జనం సందులోకి గబగబా వస్తున్నారు. కొట్టు అమ్మాయి బయటి కుర్చీలు లోపలికి లాగుతోంది. సందు మొదట్లో ఒక పోలీసు పసుపు రిబ్బను కట్టి అందరినీ వెనక్కి తోలుతున్నాడు. ఏమైందని పక్కనున్న కుర్రాణ్ణి ఇంగ్లీషులో అడిగాను. ఎవరో అనుమానంగా సంచి వదిలి పోయారనీ, మ్యూజియంలోంచి అందరినీ బయటికి పంపేశారనీ చెప్పాడు.

నేను గౌరి వైపు తిరిగి బాధగా తల ఆడించాను.

"సూసినావా. బాగా సదువుకున్న దేశం అంటారు. సంచి యాడ పడితే ఆడ ఇడ్సిపెట్టి పోతారా. మామ ఆడ ఎదురు సూస్తాంటాడు. బాధ్యత లేని నాయాండ్లు."

గౌరి నోటినిండా వాఫుల్ పెట్టుకుని ఒప్పుకుంది. నేను ఇంకా చెప్పుకుంటూ పోయాను. ఇట్లాంటోళ్లను ఊరుకోకూడదనీ, పట్టుకుని అందరి ముందరా నిలబెట్టాలనీ. అప్పుడు గౌరి నమలడం ఆపింది.

"మన సంచి యాడుంది?"

"లైన్లో. మన జాగా కాస్తాంది..."

ఆ మాట మొదలుపెట్టినప్పుడు ఉన్న ధైర్యం చివరకు వచ్చేసరికి లేదు. గౌరి వాఫుల్‌ను ప్లేటులో పెట్టి, చేతులు తుడుచుకుని, చెప్పులు తొడుక్కుంది.

పోలీసు దగ్గరికి పరుగెత్తాను. ఆ సంచి నాది అన్నాను. వెనక్కి పొమ్మన్నాడు. మళ్లీ చెప్పాను, ఈసారి ఎందుకో చేతులు రెండూ పైకెత్తి. అప్పుడు ఆయన నన్ను తీక్షణంగా చూశాడు. ఇంగ్లీషులో మా సంభాషణ ఇలా సాగింది.

"అందులో ఏముంది?"

"అన్నం. అంటే అన్నం కాదు. ఉగ్గాని."

"అదేం పదార్థం?"

"తినేది. బొరుగులతో చేస్తారు."

"వెలిగి ఆరుతున్నది ఏమిటి?"

"ఫోన్ ఛార్జ్ చేసేది."

"స్తంభానికి ఎందుకు కట్టావు?"

"దొంగలు ఎత్తుకుపోకుండా."

ఆయన ఒక క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత భుజం మీది వైర్‌లెస్‌లో గబగబా ఏదో చెప్పాడు. కానీ అప్పటికే ఆలస్యమైంది. రిబ్బను మీదుగా తొంగి చూసేసరికి ఖాళీ వీధిలో, మా సంచి ఎదురుగా, గొలుసు చక్రాల మీద ఒక రోబో నిలబడి ఉంది. పిల్లలాడుకునే ట్రాక్టరంత ఉంది. దానికి ఒక్కటే చెయ్యి, ఆ చేతిలో ఒక గొట్టం. ఢాం అని చప్పుడైంది. ఆ గొట్టంలోంచి తుపాకీ గుండు కాదు, నీళ్లు వచ్చాయి. బాంబులను నీటి దెబ్బతో చెదరగొట్టడం వాళ్ల పద్ధతట. నేను పంపులు చేసేవాణ్ణి, అంత ఒత్తిడితో నీళ్లను నా జన్మలో చూడలేదు. స్తంభానికి పట్టీ మాత్రం మిగిలింది, ముడి ఊడలేదు. మిగతాదంతా వీధి పొడవునా వర్షం కురిసినట్టు పడింది. పసుపు పచ్చని బొరుగులు, కరివేపాకు, రొట్టె ముక్కలు. ఎక్కడినుంచో పావురాలు దిగాయి. వాటికి శెనక్కాయల పొడి కొంచెం కారంగా తగిలినట్టుంది గానీ వదల్లేదు.

గౌరి అప్పుడు అంది.

"నీళ్ల కోసం నేర్సిన బుద్ధి. నీళ్లు కొట్టి వదిలించినారు."

తర్వాత ఒక పోలీసు ఆఫీసరమ్మ మమ్మల్ని బండి పక్కన కూర్చోబెట్టింది. వయసు మీద పడిన మనిషి, మాట నెమ్మది. సంచి ఎందుకు వదిలావని అడిగింది. నేను మాటలతో చెప్పలేక కాగితం అడిగి బొమ్మ గీశాను. ఒక కొళాయి, దాని ముందు వరసగా సున్నాలు. ఇవి బిందెలు, మనుషుల బదులు ఇవి నిలబడతాయి అన్నాను. ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసింది. మరి మనుషులు ఎక్కడుంటారంది. ఇంట్లో వంట చేసుకుంటారన్నాను. బిందెలను ఎవరూ ఎత్తుకుపోరా అంది. పోరన్నాను. ఎవరైనా ముందుకు జరుపుతారా అంది. ఎదురింటి ఆమె జరుపుతుందన్నాను. ఆఫీసరమ్మ కాగితం నాకు తిరిగి ఇవ్వలేదు. మడిచి జేబులో పెట్టుకుంది.

"మంచి ఊరు," అంది. "కానీ ఇది ఆ ఊరు కాదు."

నా పేరు రాసుకుని, గట్టిగా మందలించి వదిలేసింది. అరవలేదు. అరిచి ఉంటే మరిచిపోయేవాణ్ణి. ఒక వీధిలో వదిలిన వస్తువు మనిషి గుర్తు. ఇంకో వీధిలో అదే వస్తువు భయం. ఆదోని వీధిలో నేను పెరిగినంత కాలం రెండో సంగతి ఒకటుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఈ జ్ఞానోదయం వల్ల మ్యూజియం మాత్రం తెరుచుకోలేదు. ఆ రోజుకు మూసేశామని గేటు దగ్గర కాగితం అంటించారు. మా బస్సు వేళ దగ్గర పడింది. గుర్రాలూ వేటకుక్కలూ గోడకు అవతలే ఉండిపోయాయి. మేము మెట్ల మీద కూర్చున్నాం. గౌరి ఫోన్ మోగింది.

తెర మీద మామ. స్నానం చేసి, తలకు నూనె రాసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఆయన వెనక అరుగు నిండా నేతగాళ్ల తలలు. ఒకాయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

"ఏమ్మా, లోపలికి పోయినారా? అందరమూ సూస్తాండాము."

గౌరి నా వైపు చూసింది. ఆ చూపులో నా కాపురం మొత్తం వేలాడింది.

"లేదు నాయినా. మూసేసినారు. ఎవరో తిక్కలోడు లైన్లో సంచి పెట్టి తినేకి పోయినాడంట. పోలీసులొచ్చి అందర్నీ తరిమినారు."

అరుగు మీద తలలన్నీ ఒకేసారి వంగిపోయాయి. మామ చొక్కా చేతులు పైకి మడిచాడు. తర్వాత మొదలుపెట్టాడు. ఆ తిక్కలోడి తెలివిని, వాడి చదువును, వాడికి చదువు చెప్పిన పంతులును, వాణ్ణి విమానం ఎక్కనిచ్చినవాళ్లను, పడుగూ పేకా కలిపినట్టు ఒక్క పోగు కూడా వదలకుండా తిట్టాడు. నేను పక్కకు జరుగుదామనుకునేసరికి గౌరి ఫోన్ నా వైపు తిప్పింది.

"అల్లుడూ, నువ్వు సెప్పు. బుద్ధుండేవాడు సేసే పనేనా అది?"

"కాదు మామా."

"లైన్లో సంచి పెట్టి పోతారా యాడన్నా?"

"పోరు మామా."

"నీ మాదిరి నెమ్మదైనోడు సేస్తాడా?"

దీనికి నేను దగ్గాను. మామ ఒక నిట్టూర్పు విడిచాడు.

"అట్లాంటోనికి పిల్లనెవరిచ్చినారో గానీ, కండ్లు మూసుకొని ఇచ్చినారు."

గౌరి ఫోన్‌ను నా ముఖం నిండుగా కనబడేలా సర్దింది.

"లేదు నాయినా. వారం దినాలు ఇచారించి, ఇంటికి పిల్సి, కాఫీ ఇచ్చి మరీ ఇచ్చినారంట."

"అయితే వాళ్ల కర్మ," అన్నాడు మామ.

అవును మామా అన్నాను నేను.

అందువల్ల సకల పాఠకులనూ సాక్షులుగా పెట్టుకుని, తడి బట్టలతో తూర్పు ముఖంగా నిలబడి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట భూమ్మీద ఏ వరసలోనైనా నా బదులు నా కాళ్లే నిలబడతాయి. ఇంకా ముఖ్యంగా, మామ ఎవరిని తిట్టినా, ఆ తిట్లు తగిలేది నాకో ఆయనకో ముందు కనుక్కుని, ఆ తర్వాతే అవును మామా అంటాను.